మరీదయ్య గడ్డకు సంజాయిషీ నోటీసు

అది కాదే అమ్మడూ, మరీదయ్యకి జబ్బు తగ్గకపోవడం కాదు గొడవ. తగ్గింది, అదీ గొడవ. అక్కణ్ణించి రాసుకో.

మరీదయ్య మామిడితోటల అంచనా మనిషి. నూజివీడు చుట్టుపక్కల పూత మీద ఎవరు తోట గుత్తకు తీసుకోవాలన్నా ముందు మరీదయ్యను పిలిపించుకుంటారు. ఆయన తోట వాకిట్లో చెప్పులు విడిచి, ఒక్కో చెట్టు కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి చూస్తాడు. పూత ఎంత, అందులో నిలిచేదెంత, తేనెమంచు పురుగు ఎంత పట్టింది, గాలి ఎటునుంచి కొడుతోంది, అన్నీ లోలోపలే బేరీజు వేసుకుంటాడు. చివరికి గట్టు మీద కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుని, "మూడు లారీల కాయ" అంటాడు. మూడు లారీలే దిగుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. కొత్తవాళ్ళెవరైనా ఎట్లా చెప్పగలుగుతున్నావని అడిగితే, చెట్టు చెప్పింది, నేను విన్నాను అంటాడు తప్ప ఇంకోమాట ఉండదు.

ఆ మరీదయ్యకు యాభై ఆరో ఏట కాలేయంలో గడ్డ తేలింది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో ఇటుక పెట్టినట్టుందని నెలరోజులు చెప్పీ చెప్పకుండా దాచుకుంటే, ఆయన భార్య సామ్రాజ్యం ఒకనాడు బస్సెక్కించి పట్నంలో కాలేయాల ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ నస్రీన్ అని ఒక డాక్టరమ్మ చూసింది. సన్నటి మనిషి, గట్టి గొంతు. దాచకుండా చెప్పింది. ఇది కాన్సరు. ఉన్న చోటు మంచిది కాదు, కోసి తీయడానికి కుదరదు. మూడు వారాలకోసారి సెలైనులో మందు ఎక్కిస్తాం, ఆరుసార్లు ఎక్కించి చూద్దాం. ఈలోగా సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి జన్యువుల పరీక్షకు పంపుతాం.

ఆ పరీక్ష ఏమిటని మరీదయ్య అడిగాడు. గడ్డ కణాల్లో ఏ జన్యువు చురుగ్గా పనిచేస్తోంది, ఏది పడుకుని ఉంది అని ముప్పై రెండింటిని చూసి, ఆ వరసను బట్టి జబ్బు ఎటు పోతుందో, ఏ మందుకు లొంగుతుందో ముందే అంచనా కట్టే పరీక్ష అని ఆవిడ చెప్పింది.

"పూత చూసి కాపు చెప్పడం" అన్నాడు మరీదయ్య.

అంతేనంది డాక్టరమ్మ. మంచి పరీక్షేనంది. వందమందిని వరసగా నిలబెడితే అందులో ఎంతమంది ఎటు పోతారో బాగానే చెబుతుంది, మీరు ఒక్కరే ఎటు పోతారో మాత్రం ఒట్టేసి చెప్పలేదు అంది. రిపోర్టు రావడానికి ఆరు వారాలు పడుతుంది గనక అందాకా చేతులు ముడుచుకుని కూర్చోలేనని, మొదటి మందు ఆ వారమే ఎక్కించేసింది. మూడు వారాలకు రెండోది.

ఇక్కడ ఆస్పత్రి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఏడాది ఆ ఆస్పత్రికి అంచనాల పిచ్చి పట్టింది. సూపరింటెండెంటు శేషాచలపతి గారు చాలా చదువుకున్న మనిషి. జన్యువుల యంత్రం దిగిన రోజున దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇకమీదట ఈ సంస్థలో ఏదీ అనుకోకుండా జరగదని గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. అంతకుముందు గేటు దగ్గర ఒక నల్లబోర్డు ఉండేది. అందులో ఆ నెల ఎంతమందికి నయమయిందో రాసేవారు. నయమైనవాళ్ళ లెక్క ఏ ఊరి ఆస్పత్రయినా రాసుకుంటుంది, అందులో గొప్పేముందని ఆయన అది తుడిపించేశారు. దాని చోట, "మా అంచనాల ఖచ్చితత్వం నూటికి 96" అని రాయించారు. గుమాస్తా సూర్యలింగం పొద్దున్నే రాగానే సుద్దముక్క పట్టుకుని ఆ అంకె సరిచూసుకోవాలి. అది కూడా ఒక ఉద్యోగమైంది. పైగా రాజధాని నుంచి తనిఖీ సంఘం రాబోతోంది. రాష్ట్రంలో అంచనాల్లో మొదటి స్థానం ఎవరిదో తేల్చి జ్ఞాపిక ఇస్తారు.

రిపోర్టులు మూడు గ్రూపులుగా వచ్చేవి. ఎ అంటే బాగుపడతాడు. బి అంటే చెప్పలేం. సి అంటే మందుకు లొంగడు. ఒక నెల చూసి, చెప్పలేం అనడం సంస్థ గౌరవానికి భంగమని శేషాచలపతి గారు బి తీసేశారు. బి లో ఉన్నవాళ్ళలో సగంమందిని ఎ లోకీ, సగంమందిని సి లోకీ ఇంటిపేర్ల అక్షరక్రమంలో సర్దారు.

మరీదయ్య మూడో మందుకి వచ్చిన గురువారం రెండు కాగితాలు ఒకే కవర్లో ఆయన చేతికొచ్చాయి. ఒకటి స్కానింగు. కోడిగుడ్డంత గడ్డ ఉసిరికాయంత అయింది. రెండోది జన్యువుల రిపోర్టు. గ్రూపు సి. మందుకు లొంగదు, కాలం ఏడు నెలలు.

సామ్రాజ్యం ఏడో తరగతి చదివింది. రెండు కాగితాలూ రెండుసార్లు చదివింది. రెండోది మడిచి మొదటిదాని కింద పెట్టింది. నర్సు రత్నకుమారి అప్పటికే సూది పట్టుకుని, చెయ్యి చాపమంటోంది. కంప్యూటర్లో మరీదయ్య నంబరు కొట్టగానే తెర ఎర్రబడి, సి గ్రూపు వారికి మందు విడుదల కాదు అని చూపించింది. ఆవిడ మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ ఎర్రబడింది. సూది ట్రేలో పెట్టేసి, పెద్దసారుని కలవండి నాన్నా అంది.

శేషాచలపతి గారి గదిలో ఆ రెండు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఆయన వాటిని చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు పైనుంచి మరీదయ్యను చూశారు.

"మీకు తగ్గుతోంది" అన్నారు.

"అవునండి."

"ఎవరి అనుమతితో?"

మరీదయ్య సామ్రాజ్యం వంక చూశాడు. ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది.

"సంస్థ నివేదిక ప్రకారం మీ కణితి ఈ ఔషధమునకు ప్రతిస్పందించరాదు. ప్రతిస్పందించినట్లు స్కానింగు విభాగం తెలియజేస్తున్నది. రెండు విభాగాల మధ్య వైరుధ్యం తలెత్తినది. ఈ వైరుధ్యం మీ శరీరములో ఉన్నది గనుక బాధ్యత మీదే అవుతున్నది" అన్నారాయన. కోపంగా అనలేదు. పిల్లవాడు పరీక్ష తప్పితే వాడి తండ్రితో మాట్లాడినట్టు జాలిగానే అన్నారు.

"గడ్డ తగ్గితే మంచిదే గదండీ" అంది సామ్రాజ్యం.

"అమ్మా, మంచిచెడ్డలు వేరు, ఖచ్చితత్వం వేరు. మంచిచెడ్డలు ఇంటి దగ్గర చూసుకోవచ్చును."

సామ్రాజ్యం ఇంకేదో అనబోతే మరీదయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. మూడో మందు సంగతి అడిగాడు. ముందు సంజాయిషీ, ఆ తర్వాతే ఏదైనా అన్నారాయన. ఆ సాయంత్రమే నోటీసు చేతికొచ్చింది. "మీ కాలేయమునందలి కణితి సంస్థ అంచనాకు విరుద్ధముగా, ముందస్తు సమాచారము లేకుండా తగ్గియున్నది. ఇందుకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనియెడల కణితి తగ్గలేదని భావించి తదుపరి చర్య గైకొనబడును."

ఆస్పత్రికి ఎదురుగా ఉన్న సత్రంలో ఒక గది తీసుకున్నారు. మరీదయ్య చెబుతుంటే సామ్రాజ్యం రాసింది. ఆవిడ చాలా రాద్దామనుకుంది. ఆ గడ్డనే పిలిచి అడగమని రాస్తానంది. వద్దన్నాడు. చివరికి నాలుగే ముక్కలు. అయ్యా, నేను ఏమీ చేయలేదు. డాక్టరమ్మ గారు మందు ఎక్కించారు. గడ్డ తగ్గింది. ఇందులో నా తప్పేమైనా ఉంటే మన్నించి మూడో మందు ఇప్పించగలరు.

ఆ నాలుగు ముక్కలే ఆస్పత్రిని కుదిపేశాయి.

తప్పిన అంచనాల మీద అప్పటికే ఒక విచారణ సంఘం ఉంది. నూటికి నాలుగు ఎందుకు తప్పుతున్నాయో ఆరునెలలుగా వాళ్ళకి అంతుపట్టడం లేదు. యంత్రాన్ని అనుమానించారు. కరెంటుని అనుమానించారు. గది వాస్తు మార్చి చూశారు. ఇప్పుడు మరీదయ్య ఉత్తరం చదవగానే సంఘంలో ఒకాయనకి మెరుపు మెరిసింది. తప్పిన అంచనాల ఫైళ్ళన్నీ తెప్పించి చూశారు. సి అన్నా బాగుపడ్డ ప్రతివాడికీ మందు ఎక్కింది. ఒక్కడికి కూడా ఎక్కకుండా లేదు. మందు ఎక్కని సి లు అందరూ అంచనా ప్రకారమే నడుచుకుంటున్నారు.

దాంతో సంఘం నివేదిక ఇచ్చింది. అంచనా తప్పడానికి మూలకారణం వైద్యం. సంస్థ ఒకవైపు అంచనా కట్టి, ఇంకోవైపు వైద్యం చేసి తన అంచనాని తనే చెడగొట్టుకుంటోంది. బాగుపడే ఎ లకి ఎలాగూ బాగవుతుంది, మందు వృథా. బాగుపడని సి లకి ఎలాగూ బాగవదు, మందు వృథా. మధ్యలో బి లు లేనే లేరు. కనుక మందుల అవసరం ఎవరికీ కనబడలేదు.

శేషాచలపతి గారు ఆ నివేదికను లేచి నిలబడి అందుకున్నారు. ఇంత తేటగా ఇంతవరకు ఎవరూ ఆలోచించలేదన్నారు. మర్నాటికల్లా మందుల గది ఖాళీ చేయించి, దాన్ని రిపోర్టుల ప్రదాన మందిరంగా మార్చారు. ఎర్ర తివాచీ పరిచారు. ఎ వచ్చినవాళ్ళకి బంతిపూల దండ వేసి, చప్పట్లు కొట్టి, మీరు కోలుకున్నారు, ఇంటికి వెళ్ళండి అనేవారు. సి వచ్చినవాళ్ళకి దండ లేదు, కుర్చీ ఉంది. గేటు మీద కాలేయ వైద్యశాల అన్న అక్షరాలు చెరిపి, కాలేయ ఫలిత నిర్ణయ సంస్థ అని రాయించారు. డాక్టర్ నస్రీన్‌కి, రిపోర్టు రాకమునుపే రోగికి వైద్యం చేసిన అభియోగం మీద మెమో వచ్చింది. ఆవిడ దాన్ని చదివి, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా సందులో మడిచి పెట్టింది.

మరీదయ్య దంపతులు రోజూ పొద్దున్నే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. అది లెక్క తప్పినవాళ్ళ బెంచీ. ఆ పేరు సూర్యలింగం పెట్టాడు. అక్కడే ఆదిశేషు అనే తాపీమేస్త్రీ పరిచయమయ్యాడు. ఆయనకి ఎ వచ్చింది. దండ వేసి, చప్పట్లు కొట్టి పంపారు. నాలుగు రోజులకే పొట్టలో నీరు చేరి తిరిగొచ్చాడు. చీటీలిచ్చే గదిలో ఆయన నంబరు కొట్టి చూసి, ఎ గ్రూపు వారికి నీరు చేరదు, మీరు వేరే మనిషి అయివుంటారు, అసలు మనిషిని తీసుకురండి అన్నారు. తన పొట్ట చూపించాడు. ఆ పొట్ట రికార్డులో లేదన్నారు.

"దండేసినప్పుడు ఫొటో తీశారు గదయ్యా, అది చూపియ్యకపోయావా" అంది సామ్రాజ్యం.

"చూపిచ్చాను చెల్లెమ్మా. ఫొటోలో మనిషి కులాసాగా ఉన్నాడు, నువ్వు కాదన్నారు."

ముగ్గురూ నవ్వారు. నవ్వాక ఆదిశేషు పొట్ట పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

మందు గడువు దాటి పన్నెండు రోజులయింది. ఆ మాట మరీదయ్య పైకి అనేవాడు కాదు గాని, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూసుకోవడం మాత్రం సామ్రాజ్యం కళ్ళబడేది. ఒకరోజు మధ్యాహ్నం నస్రీన్ వచ్చి బెంచీ చివర కూర్చుంది. దాచకుండానే చెప్పింది. గడ్డ లొంగే దారిలో ఉంది, ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ తలెత్తుతుంది, ఇంకో వారం పది రోజుల్లో మూడోది పడాలి. బయట కొనమని చెప్పలేను, మీవల్ల కాదు, మీవల్లే కాదు ఎవరివల్లా కాదు. వేరే ఆస్పత్రుల్లో నేను అడిగిన ప్రతిచోటా గ్రూపు ఏమిటంటున్నారు.

మరీదయ్య కొంచెంసేపు తువ్వాలు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నాడు.

"నాకొకటి తెలవకడుగుతాను డాక్టరమ్మా. మీవాళ్ళు రెండో చూపు చూడరా?" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పాడు. తోటల్లో అంచనా ఒకసారితో అయిపోదు. పూత మీద ఒకటి చెబుతాం. అది గుత్త రాసుకోవడానికి. పూత రాలి, పిందె గోలీకాయంత కట్టాక మళ్ళీ వెళతాం. అదే రెండో చూపు. మధ్యలో వాన పడి ఉండొచ్చు, మంచు పట్టి ఉండొచ్చు, రైతు మందు కొట్టి ఉండొచ్చు. చెట్టు మొదట చెప్పింది ఒకటైతే ఇప్పుడు చెప్పేది ఇంకొకటి. ఇరవయ్యేళ్ళ కింద తానూ మొండికేశాడు. ఆగిరిపల్లి దగ్గర ఒక తోటకి రెండు లారీలన్నాడు. రెండో చూపుకి వెళ్ళేసరికి పిందె విరగ్గాసి ఉంది. తన మాట పోతుందని అదే రెండు లారీలు మళ్ళీ చెప్పి వచ్చాడు. నాలుగు దిగాయి. ఆ ఏడాదంతా ఎవరూ తన మొహం చూడలేదు. అప్పట్నించి బుద్ధొచ్చింది.

"మరి రెండో చూపు అయ్యేదాకా మొదటి లెక్క సంగతి?"

"ఏముందండీ. ఎవరైనా రెండో చూపు కావాలన్నారంటే మొదటిది చెల్లదు. అందాకా ఆ తోటకి లెక్కే లేదు."

"అప్పుడు నీళ్ళూ మందులూ?"

"లెక్క లేదని నీళ్ళు మానేత్తారా తల్లీ? అసలు లెక్క ఉందని మానేసినోణ్ణే నేనింతవరకు చూళ్ళా, ఇక్కడికొచ్చేదాకా."

నస్రీన్ లేచి నిలబడింది. కోటు జేబులోంచి కలం తీసి, అక్కడే నిలబడి ఏదో రాసుకుంది. మరీదయ్యను వెంటబెట్టుకుని పెద్దసారు గదికి నడిచింది.

ఆ రోజు శేషాచలపతి గారు దిగులుగా ఉన్నారు. తనిఖీ సంఘం రావడానికి నెల రోజులు కూడా లేదు. మందులు ఆపేస్తే అంకె పెరుగుతుందనుకున్నారు. సి ల వైపు పెరిగింది గాని, దండలు వేసి పంపిన ఎ లు ఒక్కొక్కరే పొట్టలూ కాళ్ళూ వాచి తిరిగొస్తున్నారు. అంకె 94 కి దిగింది. సూర్యలింగం ఆ నాలుగుని రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాడట.

నస్రీన్ ఆయన భాషలోనే మొదలుపెట్టింది. మరీదయ్య అనే రోగి పునర్నిర్ధారణ కోరుచున్నాడు అంది. ఫలము యొక్క ప్రస్తుత దశ ప్రాథమిక దశకు భిన్నముగా ఉన్నందున, ప్రాథమిక నివేదిక తాత్కాలికముగా నిలిపివేయుట సమంజసమంది. నివేదిక లేని రోగికి గ్రూపు ఉండదు. గ్రూపు లేని రోగి ఖచ్చితత్వపు లెక్కలోకి రాడు.

ఆ చివరి మాట దగ్గర శేషాచలపతి గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"లెక్కలోకి రాడు అనగా?"

"తప్పినవాళ్ళ జాబితాలోంచి ఒక పేరు పోతుంది సార్."

ఆయన కాగితం మీద ఏదో కూడి, తీసివేసి చూసుకున్నారు. మొహంలోకి వెలుగొచ్చింది. అంతలోనే ఒక అనుమానం. మరి గ్రూపు లేని రోగిని ఏం చేయాలి? నస్రీన్ నియమావళి పుస్తకం తెరిచి చూపించింది. గ్రూపు లేనివారి విషయంలో పాత పద్ధతి, అంటే డాక్టరు చూసి, తనకు తోచిన వైద్యం చేయడం. ఆ వాక్యం ఎవరూ కొట్టెయ్యలేదు. గ్రూపు లేనివాడంటూ ఉంటాడని ఎవరికీ తోచలేదు.

"లెక్కలో లేనివానికి ఏమి చేసినను అంచనా చెడదు" అన్నారు శేషాచలపతి గారు, కొత్త శాస్త్రం కనిపెట్టినట్టు. అప్పటికప్పుడే సర్క్యులరు మీద సంతకం పెట్టారు.

మరీదయ్యను మళ్ళీ సూది బల్ల మీద పడుకోబెట్టారు. స్కానింగు డాక్టరు తెరమీద గడ్డ కోసం చాలాసేపు వెతికాడు. ఇంతకాలం మందు లేకపోయినా అది ముందు రెండిటి దెబ్బకి ఇంకా ముడుచుకునే ఉంది. ఎలాగో పట్టుకుని సూది దింపితే నూకగింజంత ముక్క వచ్చింది. యంత్రం దాన్ని పుచ్చుకుని, గంటసేపు గురగురలాడి, రెండే మాటలు కక్కింది. నమూనా చాలదు.

సామ్రాజ్యం ఆ కాగితం ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఆవిడ చదివినంతలో ఇంతకన్నా మంచి కబురు ఏ కాగితమూ చెప్పలేదంది. రత్నకుమారి కంప్యూటర్లో నంబరు కొట్టింది. తెర ఎర్రబడలేదు. పచ్చబడనూ లేదు. ఊరికే తెల్లగా ఉండిపోయింది. మరీదయ్య చెయ్యి చాపాడు. మూడో మందు చుక్కచుక్కగా దిగింది.

ఈ సంగతి బెంచీ మీదనుంచి వార్డుల్లోకి పాకడానికి ఎంతసేపో పట్టలేదు. మర్నాడు పొద్దున ఆదిశేషు మొదటి దరఖాస్తు పెట్టాడు. గ్రూపు లేకుండా పోయిన నిమిషంలో ఆయన మళ్ళీ అసలు ఆదిశేషు అయిపోయాడు. లోపలికి తీసుకెళ్ళి పొట్టలో నీరు తీశారు. ఆ తర్వాత సి లు వరసకట్టారు. వాళ్ళ వెనక, దండలు వేయించుకున్న ఎ లు వరసకట్టారు. పునర్నిర్ధారణ కోరుచున్నాను అనే మాట నోరు తిరగనివాళ్ళు రెండో చూపు అనేవారు. గుమాస్తా రాసుకునేవాడు.

శేషాచలపతి గారు మొదట కంగారుపడ్డారు గాని, బోర్డు చూశాక కుదుటపడ్డారు. ముందుగా వచ్చినవాళ్ళంతా లెక్క తప్పినవాళ్ళే. వాళ్ళ పేర్లు పోతున్నకొద్దీ అంకె ఎక్కుతోంది. 95. 97. 99. ఎవరైనా దరఖాస్తు పెట్టడానికి సంకోచిస్తుంటే ఆయనే వరండాలోకి వచ్చి, సంస్థ పురోగతికి సహకరించండి అని చెప్పేవారు. యంత్రం వారానికి ఎనిమిది ముక్కలు చూడగలదు. దరఖాస్తులు రెండువందల పదకొండు. రిపోర్టుల ప్రదాన మందిరంలో ఇచ్చేందుకు రిపోర్టులు లేక, ఎర్ర తివాచీ చుట్టి గోడకానించి, మందుల పెట్టెలు మళ్ళీ అక్కడే దించారు.

చివరి రోగి దరఖాస్తు కూడా అందిన రోజున సూర్యలింగానికి ధర్మసందేహం వచ్చింది. అంచనాలు ఒక్కటీ లేనప్పుడు ఖచ్చితత్వం ఎంతని రాయాలి? సుద్దముక్క పట్టుకుని పెద్దసారు దగ్గరకి వెళ్ళాడు.

"తప్పులు ఎన్ని?" అన్నారాయన.

"ఒక్కటీ లేదండి."

"ఒక్క తప్పు కూడా లేనిచో ఎంత అగును?"

సూర్యలింగం వెళ్ళి 100 అని రాశాడు. సున్నాలు రెండూ గుండ్రంగా వచ్చాయి.

మరీదయ్యకి నాలుగో మందు ఎక్కుతున్న రోజునే తనిఖీ సంఘం దిగింది. ముగ్గురు వచ్చారు. బోర్డు దగ్గర నిలబడి ఫొటో తీయించుకున్నారు. రికార్డులు అడిగారు. అమలులో ఉన్న అంచనాలు సున్న, తప్పినవి సున్న, వివాదాలు సున్న. ఇంత శుభ్రమైన రికార్డు తమ తిరుగుళ్ళలో ఎక్కడా చూడలేదని సంఘం అధ్యక్షుడు పొంగిపోయాడు. మిగతా ఆస్పత్రుల్లో ప్రతిచోటా కనీసం ఐదారు తప్పులు దొరికాయట. జ్ఞాపిక అక్కడికక్కడే శేషాచలపతి గారి చేతిలో పెట్టారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

వార్డుల్లోకి వచ్చాక మాత్రం అధ్యక్షుడు ఆగి చుట్టూ చూశాడు. మంచాల మీద మనుషులున్నారు, సెలైను సీసాలు వేలాడుతున్నాయి, రత్నకుమారి అటూ ఇటూ పరిగెడుతోంది.

"ఇదంతా ఏమిటి?" అన్నాడు.

శేషాచలపతి గారు కొంచెం సిగ్గుపడ్డారు.

"వైద్యమండి. ప్రస్తుతానికి అంచనాలు లేక ఖాళీగా ఉన్నాము గనుక చేయుచున్నాము."

ఖాళీ సమయాన్ని కూడా సద్వినియోగం చేస్తున్నారని అధ్యక్షుడు మెచ్చుకుని, పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత రోగులతో కూడా ఒక మాట మాట్లాడాలన్న నియమం గుర్తొచ్చి, దగ్గర్లో ఉన్న మంచం వైపు తిరిగాడు. అది మరీదయ్యది. పక్కన స్టూలు మీద సామ్రాజ్యం, అవతల కిటికీ దగ్గర నస్రీన్.

"పెద్దాయనా, మీ పరిస్థితి గురించి సంస్థ అంచనా ఏమిటి?"

మరీదయ్య సూది ఉన్న చెయ్యి కదలకుండా రెండో చేత్తో తలగడ సర్దుకున్నాడు. అధ్యక్షుణ్ణి చూశాడు. తొందరేమీ పడలేదు.

"అంచనా ఏం లేదండి. ఆకలేస్తంది" అన్నాడు.

అధ్యక్షుడు దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక కలం పట్టుకుని నిలబడిపోయాడు. సామ్రాజ్యం అప్పటికే కారియరు మూత తీసి, అన్నం కలుపుతోంది.

రాశావా అమ్మడూ? అయితే సాయంత్రం ఫోను కలిపి దీన్ని మీ శకుంతలత్తకి చదివి వినిపించు. ఆస్పత్రి నుంచి దాని రిపోర్టు వచ్చినకాణ్ణించీ అది ఎవరితోనూ మాట్లాడటంలా. గబగబా చదవమాక. ఆ మరీదయ్య ఆకలేస్తందన్న చోట కాసేపు ఆగు. అది అవతల నవ్విందో లేదో విని, వచ్చి నాకు చెప్పు.